లెమ్మీలో ఒకే పేరుతో ఇన్ని కమ్యూనిటీలు ఎందుకు? ఎందులో చేరాలి, కొత్తది పెట్టాలా?

లెమ్మీ అంటే రెడ్డిట్ లాంటి చర్చల చోటు, కానీ ఒక కంపెనీది కాదు. వేర్వేరు మనుషులు నడిపే సర్వర్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయి. ఒక్కో విషయానికి అందులో పెట్టుకున్న చర్చల గదే కమ్యూనిటీ. మీరు అడిగినవి మూడు. లెమ్మీలో టెక్నాలజీ అని వెతికితే అదే పేరుతో అరడజను కమ్యూనిటీలు వచ్చాయి, వాటిలో అసలుది ఏది? ఒకే వార్త లింకు మూడు చోట్ల కనిపిస్తోంది గానీ కామెంట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఇదేం పద్ధతి? తెలుగు కోసం వెతికితే రెండు కమ్యూనిటీలు దొరికాయి, రెండూ నిద్రపోతున్నాయి, నేను మూడోది పెట్టనా?

చివరిదానికి ముందు జవాబు చెప్తాను: పెట్టకండి. ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, అవి కింద రాశాను. మొదటిదానికి జవాబు, అసలుది అంటూ ఏదీ లేదు. అన్నిట్లోనూ చేరండి, రాసేది మాత్రం ఒక్కదాంట్లోనే రాయండి. రెండోదానికే కాస్త వివరం కావాలి. అది అర్థమైతే మిగతా రెండూ వాటంతటవే తేలిపోతాయి. ఒక చిన్న లెమ్మీ సర్వర్‌ని నడిపే బృందంలో ఉన్నాను, మాడరేటర్ పని, అంటే రూల్స్ తప్పిన పోస్టులు తీసేసే పని కూడా చేస్తుంటాను. కాబట్టి లోపలి సంగతులు కొంచెం ఎక్కువే చెప్తాను.

రెడ్డిట్ నుంచి వచ్చినవాళ్లకు మొదట తికమక పెట్టేది పేరు. రెడ్డిట్ ఒక కంపెనీది. అక్కడ ఒక పేరు ఒకరు తీసుకుంటే ఇంకొకరికి దొరకదు. ఒకే విషయానికి జంట సబ్‌రెడ్డిట్లు (అక్కడి కమ్యూనిటీలు) అక్కడా ఉన్నాయి. గేమింగ్ వేరు, గేమ్స్ వేరు. ఇండియా వేరు, ఇండియాస్పీక్స్ వేరు. మాడరేటర్లతో పడక వేరు కుంపటి పెట్టుకున్నవాళ్లు అక్కడ కోకొల్లలు. కానీ కొత్తది పెట్టేవాడు కొత్త పేరు వెతుక్కోవాలి కాబట్టి చదివేవాడికి తేడా తెలిసిపోతుంది. లెమ్మీలో పేరు ఆ సర్వర్ వరకే చెల్లుతుంది. టెక్నాలజీ@లెమ్మీ.ఎంఎల్, టెక్నాలజీ@లెమ్మీ.వరల్డ్, టెక్నాలజీ@బీహా.ఆర్గ్ మూడూ వేర్వేరు. మాడరేటర్లు వేరు, రూల్స్ వేరు, జనం వేరు. బీహాలో డౌన్‌వోటే (నచ్చలేదని వేసే ఓటు) ఉండదు. మొదటి మాట ఒకటే కావడంతో మన కన్ను @ దగ్గరే ఆగిపోతుంది.

ఇన్ని ఎలా పుట్టాయో తెలియాలంటే 2023కి వెళ్లాలి. ఆ ఏప్రిల్‌లో రెడ్డిట్ తన ఏపీఐ (బయటి యాప్‌లు పోస్టులూ కామెంట్లూ తెచ్చుకునే దారి) వాడుకునే యాప్‌ల దగ్గర డబ్బు వసూలు చేస్తామని ప్రకటించింది. రేటు బయటికొచ్చాక, ఐఫోన్‌లో బాగా పేరున్న అపోలో యాప్ రాసిన క్రిస్టియన్ సెలిగ్ లెక్క వేస్తే ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్లు తేలింది. జూన్ 30న ఆయన యాప్ మూసేశారు. దానికి ముందే, జూన్ 12న, వేల సబ్‌రెడ్డిట్లు తలుపులు వేసుకుని నిరసన తెలిపాయి. ఆ కొద్ది వారాల్లో జనం ఒక్కసారిగా లెమ్మీ మీద పడ్డారు. అప్పటిదాకా అది చాలా చిన్న ఊరు. దాన్ని తయారు చేసినవాళ్లే నడిపే లెమ్మీ.ఎంఎల్ ఆ తాకిడికి మొరాయించింది. బీహా అప్లికేషన్ చూసి గానీ ఎవరినీ చేర్చుకునేది కాదు. లెమ్మీ.వరల్డ్ సరిగ్గా ఆ నెలలోనే మొదలై తలుపులు బార్లా తెరిచింది. వచ్చిన ప్రతి ఒక్కరూ తాము చేరిన సర్వర్‌లో తమకు అలవాటైన పేర్ల కోసం వెతికారు, కనిపించలేదు, పెట్టేశారు. కొందరైతే ఖాళీ స్థలాల్లో రాళ్లు పాతినట్టు పదులకొద్దీ పేర్లు తీసుకుని మళ్లీ అటువైపు రాలేదు. మీకు కనిపించిన ఖాళీ కమ్యూనిటీలు ఎప్పుడు పుట్టాయో ఒకసారి చూడండి. చాలావాటికి 2023 జూన్ అనో జూలై అనో ఉంటుంది.

"కనిపించలేదు" అన్నాను కదా, గొడవంతా అక్కడే ఉంది. మీ సర్వర్‌లో కనీసం ఒక్కరైనా సబ్‌స్క్రైబ్ చేసి ఉంటేనే బయటి సర్వర్‌లోని కమ్యూనిటీ నుంచి పోస్టులు మీ సర్వర్‌కి వస్తాయి. ఎవరూ చేయకపోతే ఆ కమ్యూనిటీ ఉందన్న సంగతే మీ సర్వర్‌కి తెలియకపోవచ్చు. పూర్తి అడ్రస్ ఇచ్చి వెతికినప్పుడు మొదటిసారి తెచ్చుకుంటుంది. అప్పుడు కూడా ఈ మధ్యవి కొన్ని పోస్టులు వస్తాయి, వాటి కింద ఉన్న కామెంట్లు రావు. దాంతో చూసేవాడికి ఎలా కనిపిస్తుంది? పది పోస్టులు, సున్నా కామెంట్లు, చచ్చిపోయిన కమ్యూనిటీ. నిజానికి అదే సమయంలో దాని సొంత సర్వర్‌లో వందల కామెంట్లు నడుస్తూ ఉండవచ్చు. కొత్తవాళ్లు "ఇక్కడ ఎవరూ లేరు, నేనే ఒకటి మొదలుపెడతా" అనుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. కొత్త సర్వర్లలో పుట్టిన డూప్లికేట్లలో చాలావాటికి గొడవలూ అభిప్రాయభేదాలూ కారణం కాదు, ఈ ఖాళీ తెరే కారణమని నా అభిప్రాయం. మీరు ఏదైనా కమ్యూనిటీ ఖాళీగా ఉందని తేల్చేముందు బ్రౌజర్‌లో నేరుగా దాని సొంత సర్వర్‌కి వెళ్లి చూడండి. లాగిన్ అక్కర్లేదు. మీ తెలుగు కమ్యూనిటీలు రెండూ నిద్రపోతున్నాయన్నారు, అవి ఈ పద్ధతిలో చూసి అన్నారో లేదో నాకు తెలియదు. చూడకపోతే ముందు ఆ పని చేయండి.

ఇలాంటిదే ఇంకో ఉచ్చు ఉంది, తెలుగువాళ్లు ఎక్కువగా పడేది. లెమ్మీ సెట్టింగ్స్‌లో మీకు వచ్చిన భాషలు ఎంచుకోమంటుంది. ఉత్సాహంగా తెలుగు ఒక్కటే టిక్ పెడతాం. కానీ ఎక్కువమంది పోస్టు రాసేటప్పుడు భాష ఏదో చెప్పరు. ఆ పోస్టులన్నీ "భాష తెలియదు" అనే లెక్కలో ఉంటాయి. ఆ ఆప్షన్ కూడా టిక్ పెట్టకపోతే అవన్నీ మీకు మాయం. తెలుగులోనే రాసిన పోస్టు కూడా, రాసినవారు భాష పెట్టకపోతే, తెలుగు మాత్రమే ఎంచుకున్న మీకు కనిపించదు. వెళ్లి ఆ టిక్ చూసుకోండి. నిద్రపోతున్న కమ్యూనిటీ కాస్త కదిలినట్టు కనిపించవచ్చు.

ఇక కామెంట్లు ఎందుకు కలవవు అన్నదానికి వద్దాం. మీ ఖాతా ఒక చిన్న సర్వర్‌లో ఉందనుకోండి. లెమ్మీ.వరల్డ్‌లోని టెక్నాలజీలో ఒక పోస్టు కింద కామెంట్ రాశారు. అది ముందు మీ సర్వర్‌లో సేవ్ అవుతుంది. అక్కడి నుంచి నేరుగా ప్రపంచమంతా వెళ్లదు. కమ్యూనిటీ పుట్టిల్లయిన లెమ్మీ.వరల్డ్‌కి వెళ్తుంది. అది ఒప్పుకుంటే, తనకు సబ్‌స్క్రైబర్లు ఉన్న సర్వర్లన్నిటికీ "నా కమ్యూనిటీలో ఈ కామెంట్ వచ్చింది" అని చాటింపు వేస్తుంది. ఓట్లూ అంతే, మాడరేటర్ ఒక కామెంట్ తీసేయడమూ అంతే. అన్నీ ఆ ఒక్క గుమ్మం గుండానే పోతాయి. ఈ సర్వర్లు మాట్లాడుకునే భాష యాక్టివిటీపబ్ అనే ప్రమాణం, అది 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదం పొందింది. ఆ భాషలో కమ్యూనిటీ అంటే గ్రూప్ అనే రకం ఖాతా, దానికి సొంత ఇన్‌బాక్స్, సొంత తాళం చెవులు ఉంటాయి. మనం కమ్యూనిటీని విషయానికి పెట్టిన లేబుల్ అనుకుంటాం గానీ, సర్వర్ల లెక్కలో అది యజమాని ఉన్న ఇల్లు. రెండు ఇళ్ల బోర్డు మీద ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన లోపలి మాటలు కలవవు.

ఆ గుమ్మం మూసుకుపోతే ఏమవుతుందో 2023 జూన్ మధ్యలో అందరికీ తెలిసొచ్చింది. బీహాకి ఉన్న కొద్దిమంది నిర్వాహకులు, ఎవరైనా చేరగలిగే పెద్ద సర్వర్ల నుంచి వచ్చే రౌడీ ఖాతాలను అదుపు చేయలేక, లెమ్మీ.వరల్డ్‌తోనూ మరో పెద్ద సర్వర్‌తోనూ సంబంధం తెంచుకున్నారు. డీఫెడరేట్ చేయడం అంటే ఇదే. అప్పటికే లెమ్మీ.వరల్డ్‌లో బీహా టెక్నాలజీ కమ్యూనిటీ కాపీ ఒకటి ఉంది. తెంచుకున్నాక కూడా ఆ కాపీ అలాగే ఉండిపోయింది, దాని కింద కామెంట్ పెట్టే బాక్సూ ఉంది. లెమ్మీ.వరల్డ్ వాళ్లు అందులో రాస్తే ఆ కామెంట్ తమ సర్వర్‌లో సేవ్ అయ్యేది, బీహా తీసుకునేది కాదు, కాబట్టి చాటింపు పడేది కాదు. తోటి లెమ్మీ.వరల్డ్ వాళ్లకు మాత్రం కనిపించేది. వాళ్లు జవాబులిచ్చుకునేవాళ్లు. బీహాలో ఉన్నవాళ్లు అదే పోస్టు కింద ఇంకో చర్చ చేసుకునేవాళ్లు. అడ్రస్ ఒకటే, పోస్టు ఒకటే, చర్చలు రెండు. చాలామంది ఆ సంగతి తెలియకే రాస్తూ పోయారు. డూప్లికేట్ కమ్యూనిటీలకన్నా ఇది నాకు ఎక్కువ చిరాకు తెప్పించే విషయం. పేరు పక్కన ఇంకో సర్వర్ కనిపిస్తే కనీసం తేడా ఉందని తెలుస్తుంది. ఇక్కడ అదీ తెలియదు. మీ సర్వర్ ఎవరితో తెంచుకుందో, ఎవరితో కలిసి ఉందో ప్రతి లెమ్మీ సర్వర్ అడుగున ఇన్‌స్టన్సెస్ అనే పేజీలో ఉంటుంది. అది చదవకుండా బయటి కమ్యూనిటీలో పెద్ద వ్యాసాలు రాయకండి.

ఒకే లింకు మూడు చోట్ల ఉండటం గురించి. ఒకే యూఆర్‌ఎల్‌ని వేర్వేరు కమ్యూనిటీల్లో పెడితే లెమ్మీ గుర్తుపట్టి, పోస్టు కింద ఫలానా చోట్ల కూడా ఉంది అని చూపిస్తుంది. అంతవరకే. కామెంట్లు కలపదు. మీరు ఒకచోట చదివి, ఇంకోచోటికి వెళ్లి చదివి, మూడోచోట అదే ప్రశ్నకు అదే జవాబు మళ్లీ చూస్తారు. చర్చ కుక్కలు చింపిన విస్తరి అయిందని విసుక్కోవడం సహజమే.

దీన్ని పాతకాలం వాళ్లు ఇంకోలా చేశారు. వెబ్ కన్నా ముందునుంచీ ఉన్న చర్చా గ్రూపుల వల యూజ్‌నెట్‌లో ఒక వ్యాసం పైన న్యూస్‌గ్రూప్స్ అనే లైన్ ఉండేది. అందులో కామాలు పెట్టి రెండు మూడు గ్రూపుల పేర్లు రాస్తే, వ్యాసం ఒక్కటే, కాపీ ఒక్కటే, కానీ అన్ని గ్రూపుల్లోనూ కనిపించేది. జవాబులూ అన్నిట్లోకీ వెళ్లేవి. ఒక గ్రూపులో చదివేస్తే రెండోదాంట్లో మళ్లీ కొత్తగా కనిపించేది కాదు. చర్చ ఒకే చోటికి మళ్లాలనుకుంటే ఫాలోఅప్-టు అని ఇంకో లైన్ పెట్టేవారు. 90లలో అమెరికాలోని తెలుగువాళ్లు ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకున్న సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అలాంటి గ్రూపే. ప్రపంచంలో ఏ యూనివర్సిటీ సర్వర్ నుంచి చూసినా ఆ పేరుతో ఒక్కటే గ్రూపు. పేర్ల పట్టిక అందరిదీ ఒకటే కావడం వల్ల అది సాధ్యమైంది. దానికి చెల్లించిన ధర కూడా తక్కువేం కాదు. మాడరేటర్ ఉన్న కొన్ని గ్రూపులు తప్పిస్తే గ్రూపుకు యజమాని లేడు, చెత్త పోస్తే ఊడ్చేవాడూ లేడు. 1994 ఏప్రిల్‌లో అమెరికాలో ఇమిగ్రేషన్ లాయర్లయిన దంపతులు గ్రీన్‌కార్డ్ లాటరీ ప్రకటనను వేల గ్రూపుల్లో పడేశారు. ఒకే పోస్టుగా క్రాస్‌పోస్ట్ చేసి ఉంటే ఒక్కసారి చూసి దాటేయొచ్చు. వాళ్లు ప్రతి గ్రూపుకీ విడివిడిగా పెట్టారు, అందుకే జనం ఎన్ని గ్రూపులు చదివితే అన్నిసార్లు కనిపించింది. ఈరోజు లెమ్మీలో ఒకే లింకు నాలుగుసార్లు చూసి మీకు వచ్చే చిరాకు సాంకేతికంగా అదే జాతిది.

కాబట్టి ఎవరైనా "సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒకే పేరున్న కమ్యూనిటీలను ఆటోమేటిగ్గా కలిపేస్తే పోలా" అంటే నేను ఒప్పుకోను. కలిపాక ఎవరి రూల్స్ చెల్లుతాయి? నేను నా కమ్యూనిటీలో ఒక బూతు కామెంట్ తీసేస్తాను, పక్క సర్వర్ మాడరేటర్‌కి అది బూతు కాదు. కలిపిన పేజీలో అది కనిపించాలా వద్దా? డౌన్‌వోట్ లేని చోటినుంచి వచ్చిన కామెంట్‌కి డౌన్‌వోట్ ఉన్న చోట ఎలా లెక్క కట్టాలి? ఒక సర్వర్ అడ్మిన్ ఇంకో సర్వర్‌ని బ్లాక్ చేస్తే కలిపిన కమ్యూనిటీ సగం కోసుకుపోతుందా? పేరు ఒకటైనంత మాత్రాన విషయం ఒకటే అనుకోవడం కూడా పొరపాటే. లినక్స్ గురించిన ఒక కమ్యూనిటీలో వార్తలు నడుస్తాయి, అదే పేరున్న ఇంకోదాంట్లో "నా లాప్‌టాప్ బూట్ అవడం లేదు, టెన్షన్‌గా ఉంది" అనే ప్రశ్నలు నడుస్తాయి. రెండూ కలిపితే రెండు రకాలవాళ్లూ వెళ్లిపోతారు.

మాడరేటర్లే ఇష్టపడి కలుపుకోవడం వేరు. ఒక కమ్యూనిటీ ఇంకో కమ్యూనిటీని ఫాలో అయ్యేలా చేయాలన్న ప్రతిపాదన లెమ్మీ కోడ్ ఉండే గిట్‌హబ్‌లో ఎప్పటినుంచో నలుగుతోంది. ఫోరమ్ సాఫ్ట్‌వేర్ నోడ్‌బీబీ 4వ వెర్షన్‌తో ఫెడివర్స్‌లోకి (ఇలా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సర్వర్ల లోకంలోకి) వచ్చాక, తమ కేటగిరీని బయటి కమ్యూనిటీతో జత చేసుకునే ఏర్పాటు పెట్టింది. అది నాకు నచ్చిన దారి, ఎందుకంటే ఇద్దరు యజమానులు మాట్లాడుకుని చేసుకునే పని అది.

అంతకన్నా సులభమైన దారి ఇంకోటి ఉంది, అది మనకు కొత్తేమీ కాదు. 2005 తర్వాత తెలుగు బ్లాగులు ఊపందుకున్న రోజులు గుర్తున్నవాళ్లు ఇక్కడ ఉంటే ఇట్టే అర్థమవుతుంది. ఒకరిది బ్లాగ్‌స్పాట్, ఒకరిది వర్డ్‌ప్రెస్, ఎవరి బ్లాగు వారిదే. అయినా అందరూ ఒకే చోట ఉన్నట్టే ఉండేది, ఎందుకంటే పొద్దున లేవగానే వీవెన్ గారి కూడలి తెరిచేవాళ్లం, అన్ని బ్లాగుల కొత్త పోస్టులూ ఒకచోట చూపే సంకలిని అది. తర్వాత జల్లెడ, హారం, మాలిక వచ్చాయి. కొన్ని సంకలినులు కొత్త పోస్టులతో పాటు కొత్త కామెంట్లను కూడా ఒక వరుసలో చూపేవి. ఎక్కడ గొడవ నడుస్తోందో ఆ పేజీ చూస్తే చాలు, నొక్కి అక్కడికి వెళ్లిపోయేవాళ్లం. ఏ బ్లాగులో ఏ కామెంట్ ఉంచాలో తీసేయాలో ఆ బ్లాగరు ఇష్టం. చదవడం ఒకచోట, పెత్తనం ఎవరిది వారిదే. ఆ సంకలినులు చాలావరకు ఆగిపోయాక బ్లాగులు ఒంటరివైపోయాయి. బ్లాగులు తగ్గడానికి ఫేస్‌బుక్ ఒక్కటే కారణమని చాలామంది అంటారు గానీ, ఇది కూడా కారణమని నేను నమ్ముతాను.

ఫెడివర్స్‌లో ఆ పని ఇప్పుడు పైఫెడ్ బాగా చేస్తోంది. ఇది పైథాన్‌లో రాసిన ఇంకో సాఫ్ట్‌వేర్, లెమ్మీతో కలిసి పనిచేస్తుంది. అందులో టాపిక్స్ అని సర్వర్ నిర్వాహకులు చేసిన గుంపులు ఉంటాయి, ఫీడ్స్ అని మనమే చేసుకునేవి ఉంటాయి. మూడు టెక్నాలజీ కమ్యూనిటీలను ఒక ఫీడ్‌లో వేసుకుంటే ఒకే పేజీలా చదువుకోవచ్చు, ఆ ఫీడ్‌ని ఇంకొకరు కూడా వాడుకోవచ్చు. ఇంకా మంచి సంగతి, ఒకే లింకు వేర్వేరు కమ్యూనిటీల్లో ఉంటే వాటి కామెంట్లన్నీ ఒకే పేజీలో కింద కింద చూపిస్తుంది, ఏది ఏ కమ్యూనిటీదో విడిగా తెలిసేలా. మీ రెండో ప్రశ్నకు సగం మందు ఇది. ఖాతా లెమ్మీలో ఉంచుకుని చదవడానికి మాత్రం పైఫెడ్ సర్వర్ తెరిచేవాళ్లూ ఉన్నారు. ఎంబిన్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఇంకో పద్ధతి: అక్కడి మ్యాగజైన్‌కి (కమ్యూనిటీకి వాళ్ల పేరు) హ్యాష్‌ట్యాగులు తగిలిస్తే, ఆ ట్యాగ్‌తో మస్టోడాన్‌లో (ఫెడివర్స్‌లో ట్విట్టర్ లాంటిది) రాసినవి కూడా వచ్చి చేరతాయి.

జనం కూర్చుని మాట్లాడుకుని విలీనం చేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. రెడ్డిట్‌లోని ఆండ్రాయిడ్ మాడరేటర్ల బృందం లెమ్‌డ్రో.ఐడీ అని ఆండ్రాయిడ్ కోసమే సర్వర్ పెట్టుకుంది. లెమ్మీ.వరల్డ్‌లో అప్పటికే పెద్ద ఆండ్రాయిడ్ కమ్యూనిటీ ఉంది. 2023లోనే రెండు వైపులవాళ్లూ ఒప్పందానికి వచ్చి, లెమ్మీ.వరల్డ్‌లోనిది మూసి జనాన్ని అటు పంపారు. స్టార్ ట్రెక్ అభిమానులు స్టార్‌ట్రెక్.వెబ్‌సైట్ అనే సొంత సర్వర్‌లో సర్దుకున్నారు. సర్వరే ఒక విషయానికి అంకితమైతే డూప్లికేట్ గొడవ చాలావరకు ఉండదు, ఎందుకంటే కొత్తగా వచ్చేవాడికి ఎక్కడికి వెళ్లాలో డొమైన్ పేరే చెప్తుంది. కానీ మూసేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. మస్టోడాన్‌లో మనిషి ఖాతా మారితే ఫాలోవర్లు వెంట వస్తారు. లెమ్మీలో కమ్యూనిటీ మూస్తే సబ్‌స్క్రైబర్లు వెంట రారు. మాడరేటర్లు మాత్రమే పోస్టు చేయగలిగేలా సెట్టింగ్ మార్చి, పైన ఒక పోస్టు పిన్ చేసి, కొత్త చోటు పూర్తి అడ్రస్ రాయడమే ఉన్న మార్గం. చదివినవాళ్లు వస్తారు, మిగతావాళ్లు ఉండిపోతారు.

ఇంతదూరం చదివాక "అయితే అన్నీ కలిపి ఒక్కటే ఉంచితే మంచిదే కదా" అనిపిస్తుంది. పెద్ద విషయాలకు నేను ఆ మాట అనను. సర్వర్లు పోతుంటాయి. 2023 జూలైలో వీలెమ్మీ.నెట్ చెప్పాపెట్టకుండా మాయమైంది. అదే నెలలో మాలి దేశం తన .ఎంఎల్ డొమైన్లను చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఎఫ్ఎంహెచ్‌వై.ఎంఎల్ అడ్రస్ లేకుండా పోయింది. లెమ్మీ.ఎంఎల్ మాత్రం బతికి బట్టకట్టింది. జర్మన్ల ఫెడిట్.డీఈ 2024లో పడిపోతే అక్కడివాళ్లు ఫెడిట్.ఆర్గ్‌కి వెళ్లారు. కేబిన్.సోషల్ కూడా ఆ ఏడే ఆగిపోయింది. 2025 జూన్‌లో లెమ్.ఈఈ, అప్పటికి పెద్ద సర్వర్లలో ఒకటి, నడిపే మనుషులు సరిపోక, మూసేస్తామని చెప్పిన నెల తిరక్కుండా మూతపడింది. పాత కాపీలు మిగతా సర్వర్లలో ఉంటాయి గానీ గుమ్మం లేని కమ్యూనిటీలో కొత్త మాట అందరికీ చేరదు. అలాంటప్పుడు రెండో చోట ఇంకో టెక్నాలజీ కమ్యూనిటీ ఉండబట్టే జనం మర్నాడే మాటల్లో పడగలిగారు. మాడరేటర్ మరీ పెత్తనం చేస్తే లేచి వెళ్లడానికి ఇంకో చోటు ఉండటమూ చిన్న విషయం కాదు. వేల మంది ఉన్న విషయానికి రెండు మూడు ఇళ్లు ఉండటం నష్టం కాదు.

తెలుగుకి ఇది వర్తించదు. ఉన్నదే పిడికెడు మంది. పది మంది మూడు చోట్ల కూర్చుంటే మూడూ ఖాళీగానే కనిపిస్తాయి. పదకొండోవాడు వచ్చి చూసి వెళ్లిపోతాడు. అందుకే మూడోది వద్దన్నాను.

ఇప్పుడు ఆ రెండిటి సంగతి. ఒక్కోదాని పక్కన మాడరేటర్ పేరు ఉంటుంది, నొక్కి ప్రొఫైల్ చూడండి. ఈ మధ్య ఎక్కడైనా ఏదైనా రాశారా? రాస్తుంటే నేరుగా మెసేజ్ పెట్టండి. "అన్నా, మీ తెలుగు కమ్యూనిటీ చూశాను. వారానికి రెండు మూడు పోస్టులు నేను పెడతాను, మాడరేటర్‌గా చేర్చుకుంటారా?" అని మామూలుగా అడిగితే చాలు, చాలామంది సంతోషిస్తారు. ప్రొఫైల్ ఏడాదిగా కదలకపోతే ఆ సర్వర్ అడ్మిన్‌ని అడగండి. మాడరేటర్ వదిలేసిన కమ్యూనిటీని అడిగినవాళ్లకు అప్పగించే పద్ధతి చాలా సర్వర్లలో ఉంది. అడగబోయేముందు అందులో నాలుగు మంచి పోస్టులు పెట్టి ఉంటే అడ్మిన్ ఇంకేమీ ఆలోచించరు. రెండిట్లో ఏది ఎంచుకోవాలంటే సబ్‌స్క్రైబర్ల సంఖ్య చూడకండి, ఆ సంఖ్యలో సగం ఖాతాలు 2023 నుంచి తెరవనివే అయ్యుంటాయి. సర్వర్‌ని చూడండి. ఒక్కరే నడుపుతున్నారా, ఇద్దరు ముగ్గురు ఉన్నారా? ఖర్చు ఎలా వస్తోందో చెప్తున్నారా? ఎంతమందితో తెంచుకున్నారు? మీ పాఠకులు ఎక్కువగా ఉన్న సర్వర్‌తో తెంచుకుని ఉంటే ఎంత మంచి సర్వరైనా దండగ. ఎంచుకోని రెండోదానిలో, దాని మాడరేటర్ ఒప్పుకుంటే, పిన్ పోస్టు పెట్టించండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, అక్కడికి వెళ్లి గొడవ పడకండి.

పేరు విషయంలో ఒక చిట్కా. అడ్రస్‌లోని పేరు తెలుగు అక్షరాల్లో పెట్టలేం, ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోవాలి, కానీ పైకి కనిపించే పేరు తెలుగులో పెట్టుకోవచ్చు. ఆ పేరులో తెలుగు లిపిలోనూ ఇంగ్లిష్‌లోనూ రెండూ రాయండి. ఒకరు అలా వెతుకుతారు, ఒకరు ఇలా వెతుకుతారు. దొరక్కపోవడం వల్లే మరో కమ్యూనిటీ పుడుతుంది.

సినిమాకొకటి, పుస్తకాలకొకటి, పద్యాలకొకటి అని ఇప్పుడే విడగొట్టకండి. మొదట్లో అందరికీ వచ్చే ఆశ అది. ఒకే ఇంట్లో అన్నీ మాట్లాడుకోండి. సినిమా పోస్టులు ఎక్కువై మిగతావాళ్లు గొణగడం మొదలుపెట్టిన రోజు సినిమాకి వేరే పెట్టండి, అప్పటికి దాన్ని నడిపే మనిషి ఎవరో కూడా తెలిసిపోయి ఉంటుంది. హైదరాబాద్‌లో రాత్రి అయితే అమెరికాలో పగలు కాబట్టి, మాడరేటర్లలో ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ ఉండేలా చూసుకుంటే స్పామ్ పోస్టు గంటల తరబడి ఉండిపోదు.

మస్టోడాన్‌లో తెలుగులో రాసేవాళ్లను కూడా పిలవండి, వాళ్లకు లెమ్మీ ఖాతా అక్కర్లేదు. మస్టోడాన్‌లో పోస్టు రాస్తూ కమ్యూనిటీ పూర్తి అడ్రస్‌ని మెన్షన్ చేస్తే అది లెమ్మీలో పోస్టుగా వచ్చేస్తుంది. మొదటి లైన్ టైటిల్ అవుతుంది, కాబట్టి మొదటి లైన్‌లో విషయం రాయమనండి, లేకపోతే "నమస్కారం అండీ" అనేదే టైటిల్‌గా కూర్చుంటుంది. మస్టోడాన్ నుంచి కమ్యూనిటీని ఫాలో కావడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. ప్రతి పోస్టుతో పాటు ప్రతి కామెంట్ కూడా బూస్ట్‌లా (రీట్వీట్ లాంటిది) టైమ్‌లైన్‌లో పడుతుంది, రెండు రోజుల్లో అన్‌ఫాలో చేస్తారు. హ్యాష్‌ట్యాగ్ ఒక్కదాన్నే నమ్ముకోవడమూ చాలదు. మస్టోడాన్‌లో హ్యాష్‌ట్యాగ్ నొక్కితే మీ సర్వర్‌కి తెలిసిన పోస్టులే వస్తాయి. చిన్న సర్వర్‌లో ఉన్నవారికి తెలుగు ట్యాగ్ దాదాపు ఖాళీగా కనిపిస్తుంది, పెద్ద సర్వర్‌లో ఉన్నవారికి నిండుగా కనిపిస్తుంది.

ప్రతి పోస్టుకీ భాష తెలుగు అని పెట్టడం మరిచిపోకండి, మీతో పాటు రాసేవాళ్లకూ చెప్పండి.

మీకు కనిపించిన ఆ రెండు తెలుగు కమ్యూనిటీల పూర్తి అడ్రస్సులు, మీ ఖాతా ఏ సర్వర్‌లో ఉందో కింద రాయండి. మూడు సర్వర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయో లేదో చూసి చెప్తాను. మాడరేటర్‌కి మెసేజ్ ఆ తర్వాత పెడుదురుగాని.